కుండీ తొడుగు అరగంట పని కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రిక స్త్రీల పేజీలో, ఇంట్లో పెంచుకునే మొక్కల కుండీలకు లేసు తొడుగులు అల్లుకోవడం గురించి రాశారు. ఫొటో చాలా బావుంది. మనీ ప్లాంట్ కుండీకి లేత పసుపు తొడుగు, అంచుకు గవ్వల ఆకారంలో తెల్లటి అల్లిక. మా పేటలో లేసు పట్టుకున్న ప్రతి ఇంటికీ ఆ పేజీ తిరిగింది. మా పని పేపర్లో పడిందంటే మాకు సంతోషమే. కానీ ‘ఖాళీగా ఉన్న మధ్యాహ్నం ఓ అరగంట కూర్చుంటే కుండీకి అందమైన తొడుగు సిద్ధం’ అని మొదటి వాక్యంలోనే రాశారు. ఆ అరగంట అన్న మాట గురించే ఈ ఉత్తరం.

నాకు 61 ఏళ్లు. మాది నరసాపురం మండలంలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఉన్న ఊరు. తొమ్మిదో ఏట లేసు సూది, అంటే కొన వంకీగా ఉండే క్రోషె సూది పట్టుకున్నాను, ఇంకా దింపలేదు. నాలుగేళ్లుగా ఎక్కువగా ఈ కుండీ తొడుగులే అల్లుతున్నాను. అందుకే మీరు రాసింది చదివి ఊరుకోలేకపోయాను. మర్నాడు మధ్యాహ్నం వంట గిన్నెలు సర్దేసి, గోడ గడియారం ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. మీ ఫొటోలో ఉన్నలాంటి తొడుగునే, ఆరంగుళాల నర్సరీ కుండీకి, మొదటి కుట్టు నుంచి చివరి ముడి దాకా అల్లాను. కుట్లు కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. 2 గంటల 40 నిమిషాలు పట్టింది. మొత్తం 1,854 కుట్లు. యాభై ఏళ్లకు పైగా అలవాటున్న చేతికి పట్టిన సమయం ఇది. కొత్తగా నేర్చుకునే అమ్మాయికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అరగంటలో అవుతుందని నమ్మి మొదలుపెట్టిన పిల్ల, గంటన్నరకు అడుగు చక్రం కూడా పూర్తి కాకపోతే తనకి చేతకాదనుకుని సూది పక్కన పడేస్తుంది. మా కోడలి చెల్లెలు సరిగ్గా అలాగే చేసింది.

ఆ లెక్క ఎలా వచ్చిందో చెబుతాను. మీ పేజీలో కొలతలు ఇవ్వలేదు కాబట్టి, అల్లుకోవాలనుకున్న వాళ్లకు పనికొస్తాయి కూడా.

ఆరంగుళాల కుండీ అంటే పైన అడ్డం ఆరంగుళాలు. కిందికి వచ్చేసరికి సన్నబడి నాలుగున్నర అంగుళాలు ఉంటుంది. టేపు పెట్టి చుట్టుకొలత చూస్తే అడుగున 14 అంగుళాలు, పైన దాదాపు 19 అంగుళాలు వస్తుంది. లావు నూలు దారం, 4 మిల్లీమీటర్ల సూది తీసుకున్నాను. నా చేతికి అంగుళానికి నాలుగు కుట్లు పడతాయి. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది. అందుకని ముందు అరచేతిలో సగం ఉండే ముక్క ఒకటి అల్లి, అంగుళానికి తమకెన్ని పడుతున్నాయో చూసుకోవాలి. ఇది వదిలేస్తే తొడుగు కుండీకి పట్టదు, లేదంటే జారిపోతుంది.

రింగులో 6 పొట్టి కుట్లతో (సింగిల్ క్రోషె) మొదలు. ప్రతి వరుసకూ 6 పెంచుకుంటూ పోవాలి. 12, 18, 24 అలా తొమ్మిదో వరుసకు 54 కుట్లు అవుతాయి. చక్రం కప్పులా ముడుచుకుంటే పెంచడం తక్కువైందని, అంచులు అలల్లా లేస్తే ఎక్కువైందని అర్థం. 54 కుట్లంటే చుట్టూ పదమూడున్నర అంగుళాలు. కుండీ అడుగు 14. అర అంగుళం తక్కువ పెట్టింది కావాలనే. నూలు దారం బరువు పడితే సాగుతుంది, తడి తగిలితే ఇంకా సాగుతుంది. సరిగ్గా కొలతకు అల్లిన తొడుగు నెల తిరిగేసరికి వదులైన మేజోడులా కిందికి దిగుతుంది.

అడుగు అయ్యాక గోడ కట్టాలి. మొదటి వరుసలో కుట్టు తలకుండే రెండు పోగుల్లో వెనక పోగులోనే సూది గుచ్చాలి. అప్పుడు అంచు దగ్గర గీత పడి, అల్లిక బొంగరంలా వాలిపోకుండా నిటారుగా లేస్తుంది. మా అమ్మ దీన్ని ‘మడత వరుస’ అనేది. కుండీ పైకి వెడల్పవుతుంది కాబట్టి ఏడు, పదమూడు, పంతొమ్మిది వరుసల్లో ఆరేసి కుట్లు పెంచాను. 24 వరుసలయ్యేసరికి 72 కుట్లు, అయిదున్నర అంగుళాల ఎత్తు. అడుగుకు 270 కుట్లు, గోడకు 1,512. ఇక అంచు. రెండు కుట్లు వదిలి, మూడోదాంట్లో అయిదు పొడుగు కుట్లు (డబుల్ క్రోషె) వేసి, మళ్లీ రెండు వదిలి ఒక పొట్టి కుట్టుతో బిగిస్తే ఒక గవ్వ. ఒక్కో గవ్వకు 6 కుట్ల చోటు కావాలి. 72ను 6తో భాగిస్తే సరిగ్గా 12 గవ్వలు. గోడ 70 దగ్గరో 74 దగ్గరో ఆపి అంచు మొదలెట్టినవాళ్లకు చివరి గవ్వ సగంలో తేలుతుంది. మీ ఫొటోలో ఎడమ పక్కన ఆకు కిందకి తిప్పి పెట్టినచోట గవ్వ అలా ఇరుకైపోయినట్టే ఉంది. అల్లిన అమ్మాయిని తప్పుపట్టడం లేదు. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇంకో సంగతి కూడా సరిచేయాలి. తొడుగు వేసిన కుండీకి మామూలుగానే నీళ్లు పోసుకోవచ్చని రాశారు. దయచేసి అలా చెప్పకండి. మొక్క చచ్చిపోవచ్చు. కుండీ అడుగు చిల్లుల్లోంచి దిగిన నీరు నూలులోకి ఇంకి, రెండు మూడు రోజుల దాకా ఆరదు. మా గోదావరి జిల్లాల గాలిలో అయితే వానాకాలంలో వారం రోజులైనా ఆరదు. తొడుగు అడుగున నల్లటి బూజు చుక్కలు పడతాయి, వాసన వేస్తుంది, మొక్క వేళ్లు కూడా కుళ్లిపోవచ్చు. మట్టి కుండీకి నేరుగా తొడిగితే మరీ కష్టం. మట్టి చెమరుస్తుంది, దానితోపాటు ఉప్పు తెల్లగా పైకి తేలి దారానికి పట్టేస్తుంది. ఎంత ఉతికినా ఆ చారలు పోవు. మా గుమ్మం దగ్గర తులసి కుండీకి అల్లిన మొదటి తొడుగు నేను అలాగే పాడుచేసుకున్నాను. రెండు నెలల్లో తీసి పారేయాల్సి వచ్చింది. తులసికి తొడుగు అక్కర్లేదని అప్పుడే తెలిసింది. అది రోజూ నీళ్లు పోసి దణ్ణం పెట్టుకునే మొక్క, ఎండలో వానలో ఉండేది.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. మొక్క ప్లాస్టిక్ నర్సరీ కుండీలోనే ఉండాలి. తొడుగు లోపల అడుగున ఒక చిన్న పళ్లెం పెట్టాలి. నీళ్లు పోసేటప్పుడు కుండీని బయటికి తీసి, పంపు కింద పోసి, పూర్తిగా కారిపోయాక మళ్లీ లోపల పెట్టాలి. బయటికి తీయడం బద్ధకం అనిపించేవాళ్లు అడుగు లేకుండా, గోడ మాత్రమే గొట్టంలా అల్లుకోవాలి. దానికి కుట్లు కూడా తగ్గుతాయి. కలబంద, స్నేక్ ప్లాంట్ లాంటి మొక్కలకు నీళ్లు తక్కువే పోస్తాం కాబట్టి తొడుగు తడిసేది కూడా తక్కువే. అందం కోసం అల్లేదే అయినా లోపల ఉన్నది ప్రాణమున్న మొక్క. ముందు దాని సంగతి చూడాలి.

ఇప్పుడు నా మనసులో మాట చెబుతాను.

మా అమ్మ కాలంలో ఈ పనిని లేసు అనడం కన్నా ‘చేతిపని’ అనడమే ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు మా వైపు పేద ఆడపిల్లలకు నేర్పారట. తర్వాత ఆడవాళ్లు గడప దాటని ఇళ్లలోకి కూడా వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా అని. ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకొకరు ఆ పువ్వులన్నీ కలిపి టేబుల్ క్లాత్ చేస్తారు, అది అతుకుపని. అంచుకు కాజాకుట్టు వేసేవాళ్లు వేరు. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చి, అల్లిన లేసు తూకం వేసి తీసుకునేవాడు. తూకంలో తేడా వస్తే కూలిలో కోత. మా అమ్మ లాంతరు చిమ్నీ తుడిచి, దాని పక్కన 40 నంబరు తెల్లదారం పట్టుకుని కూర్చునేది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఆ పువ్వు కుట్లు నా చిన్నకళ్లకే సరిగ్గా కనబడేవి కావు. మేం పడుకున్నప్పుడు ఎలా కూర్చుని ఉండేదో, మధ్యరాత్రి మెలకువ వచ్చి చూసినా అలాగే ఉండేది. పొద్దున్నే లేచి పేడ కళ్లాపి చల్లేదీ అమ్మే, పొలానికి అన్నం తీసుకెళ్లేదీ అమ్మే. ఊళ్లో ఎవరైనా ‘మీ ఆవిడ ఏం చేస్తుంది’ అని నాన్నని అడిగితే ‘ఇంట్లోనే, ఖాళీగానే ఉంటుంది’ అనేవాడు. నాన్న చెడ్డవాడు కాదు. అందరూ అలాగే అనేవాళ్లు. అమ్మ కూడా అలాగే అనుకునేది.

ఆ ‘ఖాళీగా’ అన్న మాటే మళ్లీ మీ పేజీలో కనబడింది.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా నరసాపురం లేసు ఆడవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. మా అమ్మాయి ఎం.ఏ. చదివేటప్పుడు దాని గురించి నాకు చెప్పింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు చేసే ఆడవాళ్లను కూడా గృహిణులనే లెక్కేశారనీ, వాళ్లు చేసేది తీరిక వేళల పని అనే పేరు పెట్టబట్టే కూలి అంత తక్కువగా ఉందనీ ఆమె రాశారట. అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో జర్మనీ నుంచి వచ్చినావిడ మా అమ్మ గంటలు లెక్కపెట్టింది. మేం లెక్కపెట్టలేదు.

నాకు యాభై అయిదు దాటాక చూపు మందగించింది. అద్దాలు రెండుసార్లు మార్చినా రాత్రిపూట సన్నదారం కనబడదు. మెడ వెనక నుంచి భుజం దాకా ఒకటే లాగుడు. మా పేటలో నా వయసువాళ్లందరిదీ ఇదే పరిస్థితి. 2020లో కరోనా వచ్చి విదేశాలకు వెళ్లే సరుకు ఆగిపోయింది. చాలా నెలలు ఏజెంటు రాలేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాత ఆయనే ఒకరోజు లావు దారం, లావు సూది, ఒక నమూనా తొడుగు తెచ్చి ‘పిన్నీ, ఇవి అల్లగలవా’ అని అడిగాడు. పట్టణాల్లో జనం ఇళ్లల్లో మొక్కలు పెట్టుకుంటున్నారు, కుండీలకు తొడుగులు కావాలంటున్నారు అన్నాడు. ఆ దారం నా కళ్లకు కనబడింది. కుట్టు చేత్తో తడిమినా తెలుస్తుంది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మా వీధిలో అరవై దాటిన అయిదుగురం ఇప్పుడు ఇవే అల్లుతున్నాం. సన్నపని వదిలేసిన చేతులకు ఈ కుండీ తొడుగు మళ్లీ పని ఇచ్చింది. అందుకే దీని మీద ఎవరు ఏం రాసినా మాకు అంత పట్టింపు.

ఒక్కో తొడుగుకు నాకు 45 రూపాయలు ఇస్తున్నారు. దారం వాళ్లదే. మొన్న గడియారం పెట్టుకుని అల్లాక లెక్కేస్తే గంటకు 17 రూపాయలు కూడా రాలేదు. అదే తరహా తొడుగు, గవ్వలు కూడా 12, ఫోన్‌లో 799 రూపాయలకు అమ్ముతున్నట్టు మా అమ్మాయి చూపించింది. వంద గ్రాముల దారం ఉండలో దాదాపు సగం పడుతుంది ఒక్కోదానికి. దారానికి, రవాణాకు, అట్టపెట్టెకు, ప్రకటనలకు ఖర్చులుంటాయని నాకు తెలుసు. ఏజెంటుకూ కుటుంబం ఉంది. ఆయన చేతికి వచ్చేది కూడా అంత ఎక్కువేం కాదని నమ్ముతాను. ఎవరినీ దొంగ అనడం లేదు. కానీ 45కూ 799కీ మధ్య ఎక్కడో నా 2 గంటల 40 నిమిషాలు కనబడకుండా పోతున్నాయి. కొనేవాళ్లు కూడా అరగంట పనే కదా అనుకుంటే ఇక అడిగేదెవరు?

2024లో నరసాపురం లేసు అల్లికకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, అంబేడ్కర్ కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల పనిగా దాన్ని నమోదు చేశారు. ఆ వార్త మీ పత్రికలోనే చదివి, కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఆ గుర్తింపు మా పేరును కాపాడుతుంది. ఇంకో చోట చేసినదాన్ని నరసాపురం లేసు అని అమ్మకూడదు. కానీ కూలి ఎంత ఇవ్వాలో అందులో ఉండదు. మెషిన్ మీద వచ్చే లేసుకూ మా లేసుకూ తేడా చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. చేతి అల్లికలో రంగు మారకపోతే ఒక్కో ముక్కంతా ఒకే దారంతో నడుస్తుంది. చివరి ముడి విప్పి లాగితే ఒక్కో కుట్టూ వరసగా ఊడి, మొదలు పెట్టిన రింగు దాకా వచ్చేస్తుంది. మెషిన్ సరుకులో ఎన్నో దారాలు పక్కపక్కన పోతుంటాయి, అలా ఊడి రాదు. ప్రతి కుట్టుకూ ఒక మనిషి వేలు తిరిగితేనే అల్లిక అవుతుంది. అందుకే దీనికి గంటలు పడతాయి.

కాబట్టి నేను అడిగేది రెండు విషయాలు. ఒకటి అమ్మేవాళ్లను. తొడుగుకు కట్టే చీటీ మీద ధర, రంగు, కొలత ఎలాగూ వేస్తారు. దాని కిందే ‘అల్లడానికి పట్టిన సమయం’ అని ఒక గీత పెట్టి గంటలు రాయండి. అల్లినవాళ్ల ఊరి పేరు కూడా రాస్తే ఇంకా మంచిది. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. కొనే ఆవిడ ఆ అంకె చూసి, ధర చూసి, తనే లెక్క వేసుకుంటుంది. బేరం ఆడేముందు ఒక్క క్షణం ఆగుతుంది. గడియారం పెట్టుకుని అల్లిన తర్వాత, ఈమధ్యే పాలకొల్లులో మా బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, ఏజెంటుకు కాకుండా నేను సొంత దారంతో అల్లిన ఆరు తొడుగులు తీసుకెళ్లాను. ఒక్కోదానికి అట్టముక్క మీద ‘2 గంటల 40 ని.’ అని రాసి దారంతో కట్టాను. 250 రూపాయలు చెప్పాను. ఒకావిడ ఆ చీటీ చదివి, తొడుగు వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ‘ఇంతసేపు పడుతుందా అమ్మా’ అంది. బేరం ఆడలేదు. రెండు తీసుకుంది. మిగతా నాలుగూ ఆ సాయంత్రానికే అయిపోయాయి.

రెండోది మిమ్మల్ని. ఇంకోసారి చేతిపని గురించి రాసినప్పుడు, దారం ఎంత, సూది ఎంత అన్నదాంతోపాటు గంటలు కూడా సరిగ్గా రాయించండి. రాసే అమ్మాయి ఒకసారి తను అల్లి చూసుకుని అయినా రాయొచ్చు, లేదా మాలాంటి వాళ్లనెవరినైనా అడగొచ్చు. మా ఊరు వస్తానంటే పీట వేసి కూర్చోబెట్టి, మడత వరుస ఎక్కడ వేయాలో, గవ్వ ఎలా ఇరుకు కాకుండా చూసుకోవాలో నేనే చూపిస్తాను. ఆ పేజీ మీద కుతూహలంతో నేర్చుకునే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లు నేర్చుకోవాలనే నా కోరిక. మా కోడలి చెల్లెలు ఆ పేజీ మళ్లీ తీసి, ఈసారి నా పక్కన కూర్చుని, నాలుగు రోజుల్లో పూర్తిచేసింది. అంచు గవ్వలు 12 సరిగ్గా వచ్చాయి. ఇప్పుడు అది వాళ్ల కిటికీలో కలబంద కుండీకి ఉంది.

వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వేయగలరు. అరగంట అని రాసినచోట, చెయ్యి తిరిగినవాళ్లకు 2 గంటల 40 నిమిషాలు అని. తొడుగు ఉండగానే నీళ్లు పోయవద్దని కూడా.

ఇట్లు,
లేసు అల్లే ఒక పాఠకురాలు,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా